సైకాలజిస్టు దగ్గర నాలుగో సిట్టింగ్ తర్వాత మానేశాను. మళ్లీ వెళ్లినవాళ్లు ఉన్నారా?

మధురవాడ_అమ్మాయి:
రెండేళ్ల కిందట విశాఖలో హనుమంతవాక దగ్గర మా స్కూటీని లారీ గుద్దింది. కాలికి రాడ్ వేశారు, బాగానే అతుక్కుంది. కానీ వెనక నుంచి ఎయిర్ హారన్ వినబడితే ఇప్పటికీ చేతులు చల్లబడిపోతాయి. ఊళ్లోకి రావాలంటే హైవే వదిలేసి రుషికొండ మీదుగా బీచ్ రోడ్డులో వస్తున్నాం. మా ఆయన ఏమీ అనరు, పెట్రోలు లెక్క మాత్రం రాస్తారు.

ఒక సైకాలజిస్టు దగ్గర చేరాను. మూడు సిట్టింగ్‌లు బాగానే నడిచాయి. నాలుగోసారి ఆ రోజు సంగతి మొదటి నుంచీ చెప్పమన్నారు. చెప్పాను. ఆ వారమంతా నిద్ర లేదు, ఆగిపోయిన పీడకలలు మళ్లీ మొదలయ్యాయి. "మానుతున్న పుండును గోకించుకుంటున్నావు" అన్నారు మా అత్తగారు. నాకూ అదే నిజమనిపించి సైకాలజిస్టు ఫోన్ ఎత్తడం మానేశాను. ఐదు నెలలైంది.

వెంకటాపురం_బాబాయి:
అమ్మా, నేను వదిలేసి మళ్లీ వెళ్లినవాడినే. మాది 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకైన ఊరు. తెల్లవారుజామున మా అమ్మను భుజాన వేసుకుని పరుగెత్తాను. మేం బతికాం. ఆ తర్వాత పెయింటు వాసన తగిలితే చాలు, ఊపిరి ఆడేది కాదు. గుండె అనుకుని మూడుసార్లు ఈసీజీ తీయించుకున్నాను, అన్నీ నార్మల్. "ఊరందరికీ జరిగిందే కదా, నీకొక్కడికేనా" అనేవారు ఇంట్లో. డాక్టరు గారే మనసు డాక్టరు దగ్గరికి పంపారు.

ఆరు సిట్టింగ్‌లు వాసన గురించీ దగ్గు గురించే చెప్పుకొచ్చాను. పక్కింటి తలుపు కొట్టకుండా పరుగెత్తానన్నది మాత్రం చెప్పలేదు. ఇక అది చెప్పక తప్పదని తెలిసే మానేశాను. బయటికి మాత్రం "డ్యూటీ షిఫ్టు కుదరట్లేదు" అన్నాను.

ఏడాది తర్వాత వెళ్లి కూర్చోగానే ముందు అదే చెప్పాను. "మీ తప్పేం లేదు" అంటారేమో అనుకున్నాను. అనలేదు. కాగితం మధ్యలో గీత గీసి, ఆ నిమిషంలో మీకు తెలిసినవి ఇటు, తర్వాత తెలిసినవి అటు రాయమన్నారు. అది గ్యాస్ అన్న సంగతే అటువైపు పడింది. ఆ కాగితం ఇంకా బీరువాలో ఉంది. తర్వాత భయాలకు నూటికి మార్కులు వేయించి, తక్కువ మార్కులవాటి నుంచి మొదలుపెట్టారు. ముందు పెయింటు షాపు ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడటం, తర్వాత గుమ్మం, తర్వాత లోపల. భయం తగ్గేదాకా కదలకూడదు, అదే రూలు. పోయిన సంక్రాంతికి మా ఇంటికి నేనే రంగు వేశాను, రెండు గదులు.

వాల్తేరు_కౌన్సెలర్:
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఒక్క మాట. ఆ సంగతి చెప్పుకున్న కొత్తలో కలలు, చిరాకు పెరగడం చాలామందికి జరిగేదే. ఈ సంగతి మీకు ముందే చెప్పి ఉండాల్సింది. మీ థెరపిస్టు చెప్పకపోతే అది వారి లోటే. మామూలుగా 8 నుంచి 15 సిట్టింగ్‌లు పడుతుంది. మీరు సరిగ్గా కష్టమైన చోట దిగిపోయారు. అత్తగారి మాటలో ఒక్కటే పొరపాటు, పుండు మానలేదు. మానితే రుషికొండ చుట్టూ తిరగరు కదా.

అలాగని పళ్లు బిగించి భరించమనడం లేదు. "పోయిన వారం నిద్ర పోలేదు" అని వాళ్లకే చెప్పండి. వేగం తగ్గిస్తారు, ముందు ఊపిరి, నిద్ర కుదుటపరుస్తారు. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోదామన్న ఆలోచన వచ్చినా సిట్టింగ్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా.

ఎన్ఏడీ_కుర్రాడు:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ డబ్బో? నా దగ్గర సిట్టింగ్‌కి 1,200 తీసుకున్నారు. జీతం 18 వేలు. నేను ఆగిపోయింది భయంతో కాదు. ఇంకోటి, కళ్లు అటూ ఇటూ తిప్పిస్తూ చేసే పద్ధతి ఒకటుందట. వినడానికే మాయలా ఉంది.

వాల్తేరు_కౌన్సెలర్:
డబ్బు నిజమైన అడ్డంకే తమ్ముడూ, ధైర్యం చెప్తే తీరేది కాదు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) సైకియాట్రీ ఓపీలోనో చూపించుకో. రద్దీ ఉంటుంది, సగం రోజు పోతుందనుకునే వెళ్లు. ప్రైవేటులో అయితే క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడుగు. రెండు రోజుల కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించినవాళ్లూ ఉన్నారు. కళ్లు తిప్పేదాన్ని ఈఎండీఆర్ అంటారు. 1987లో ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికా సైకాలజిస్టు మొదలుపెట్టారు. అది ఎలా పనిచేస్తుందన్న దాని మీద వాదనలున్నాయి, కానీ పనిచేస్తుంది. 2013లో డబ్ల్యూహెచ్‌వో కూడా సిఫారసు చేసింది.

సముద్రం_పక్కిల్లు:
చినవాల్తేరు అంటే మా ఇంట్లో గొడవే. "పిచ్చాసుపత్రికి వెళ్లిందంటే నీకు సంబంధాలు వస్తాయా" అని అమ్మ. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, అంటే 2014 అక్టోబర్ 12న, నాకు పదకొండేళ్లు. ఇంటి మీద రేకులు లేచిపోయాయి, నాన్న తలకు తగిలింది. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే మంచం కిందికి పోవాలనిపిస్తుంది.

నా అడ్డంకి వేరే. మొదటి మేడమ్ దగ్గర అంతా ఇంగ్లీషులోనే చెప్పేదాన్ని. ఇంటర్వ్యూలో చెప్పినట్టు గడగడా వచ్చేది, కళ్లలో ఒక్క చుక్క రాలేదు. బాగైపోయాననుకున్నాను. తర్వాతి మేడమ్ "ఆ రోజు మీ నాన్నను ఏమని పిలిచావు?" అని అడిగారు. "అయ్యా" అన్నాను. అంతే, అరగంట ఏడుపు. అప్పటి నుంచి మా ఇంటి మాటలోనే చెప్తున్నాను. అమ్మకు మాత్రం ట్యూషన్ అని చెప్పి వెళ్తున్నా.

మధురవాడ_అమ్మాయి:
బాబాయ్ గారూ, మీ పక్కింటి తలుపు మాట దగ్గర ఆగిపోయాను. ఆ రోజు "త్వరగా పోనివ్వండి" అని మా ఆయన్ని తొందరపెట్టింది నేనే. ఇది ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

వెంకటాపురం_బాబాయి:
ముందు అదే చెప్పు తల్లీ.

మధురవాడ_అమ్మాయి:
సైకాలజిస్టుకు మెసేజ్ పెట్టాను. ఇన్నాళ్లూ ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడుగుతారేమో అనుకున్నాను, అడగలేదు. గురువారం నాలుగింటికి రమ్మన్నారు. మా ఆయన బీచ్ రోడ్డులోనే పోదాం అంటున్నారు. నేనింకా తేల్చుకోలేదు.