సమస్య: "చచ్చినట్టివాడె చంపినాడు"

గరివిడి మాస్టారు:
అందరికీ నమస్కారం. నిన్న విజయనగరంలో గంటస్తంభం దగ్గర పని చూసుకుని సెకండ్ షోకి దూరాను, సస్పెన్స్ థ్రిల్లరట, పది నిమిషాల్లో మొహం కాలిపోయిన శవం, చేతికి వాచీ, అంతే, కథంతా తెలిసిపోయింది, మిగతా రెండు గంటలూ ఏసీ కోసం కూర్చున్నాను. నిద్ర పట్టక ఈ సమస్య కట్టాను, ఇదే ఆఖరి పాదంగా వచ్చేలా పైన మూడు పాదాలు మీరు రాయాలి. ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే, అంటే హగణం (గురువు, లఘువు) గాని నగణం (మూడు లఘువులు) గాని, చ-చం యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవాలి. నాది ముందు పెట్టేస్తన్నాను, తిట్టండి.

మొదటి రీలులోనె మొహము కాలిన బాడి
వాచి చూసి భార్య "వారె" యనియె
చివరి సీను వరకు చెప్పనక్కరలేదు
చచ్చినట్టివాడె చంపినాడు

రాజాం బావ:
బాగుంది గానీ "బాడి" ఏటి మాస్టారూ, గణం కోసం బాడీ దీర్ఘం మింగేసారు. ఇంతకీ వాచీ చూసి మనిషిని తేల్చేయడం ఏటండీ, పన్ను దొరికినా డీఎన్‌ఏ తీస్తన్నారు, ఈ డైరెక్టర్లకి ఇంకా వాచీయేనా.

బొబ్బిలి పెద్దాయన:
నాకు సినిమాలు తెలీవు, భారతంలోంచి ఇస్తున్నాను.

ఏనుగు పడెనంచు నెరిగించె ధర్మజుం
డాయుధములు విడిచె నార్యుడంత
కొడుకు పేరు గలుగు కుంజర మది చూడ
చచ్చినట్టివాడె చంపినాడు

పాలకొండ అక్క:
నడక హాయిగా ఉంది బాబాయ్ గారూ, ధర్మజుం/డాయుధములు అని పాదం విరిచిన చోటు మరీ నచ్చింది. కానీ ఒప్పుకోను. భీముడు చంపిన అశ్వత్థామ ఏనుగు కదా, మూడో పాదంలో "అది" అని నాలుగులో "వాడె" ఎలా అవుతాది? పైగా ఆ పేరు ద్రోణుడి చేత ఆయుధాలు కింద పెట్టించింది అంతే, పదిహేనో రోజున తల నరికింది ధృష్టద్యుమ్నుడు.

బొబ్బిలి పెద్దాయన:
మా ఎద్దుని కూడా వాడనే అంటామమ్మా. రెండోదానికి జవాబు లేదు, ఒప్పుకున్నాను.

చీపురుపల్లి కుర్రాడు:
ఫస్ట్ టైమ్ రాస్తున్నా, నవ్వకండి ప్లీజ్.

ఇంటర్వెల్లు ముందె ఇట్టే తెలిసిపోయె
పక్క సీటు తాత పైకె యనియె
డబ్బు దండగయ్యె డైరెక్టరా వాడు
చచ్చినట్టివాడె చంపినాడు

గరివిడి మాస్టారు:
మూడో పాదానికి వంద మార్కులు, "డైరెక్టరా వాడు" అంటే రెండు తగణాలు (గురువు, గురువు, లఘువు) ఎంత సుళువుగా పడిపోయాయో చూడు. మొదటి పాదంలో మాత్రం మొదటి గణమే తన్నేసింది. "ట" తరవాత "ర్వె" ఉంది కాబట్టి ట గురువైపోతాది, "ఇంట" రెండు గురువులు, సూర్యగణంలో హగణమో నగణమో తప్ప ఇంకేదీ పట్టదు. ఇలా మార్చు:

హాఫు కాకముందె అర్థమయ్యెను గుట్టు

అవునూ, చీకట్లో పక్క సీటువాడు తాతో కాదో నీకెలా తెలిసిందిరా?

చీపురుపల్లి కుర్రాడు:
హా కి అ కి యతి కుదురుతుందా మాస్టారూ!

గరివిడి మాస్టారు:
అ, ఆ, ఐ, ఔ, య, హ ఒక గూటివే.

టెక్కలి అక్క:
మాది సముద్రం ఒడ్డు, నాకు ఈ పాదం చూడగానే సినిమా గుర్తు రాలేదు.

వడ్డి కప్పు తెచ్చి వలలు పడవ కొని
చెప్పకుండ వెళ్ళె చివరకతడు
అప్పు చీటి చేత ఆలి వాకిట నేడ్చె
చచ్చినట్టివాడె చంపినాడు

రాజాం బావ:
"చివరకు" కొంచెం గణం కోసం పెట్టినట్టుంది అక్కా. ఇంకేం అనలేను.

పాలకొండ అక్క:
ఇక్కడ ఆఖరి పాదం మాస్టారు పొద్దున్నే మన చేతిలో పెట్టేసారు, అందరికీ తెలుసు ఎక్కడికి వెళ్తామో, అయినా ఆ అప్పు చీటి దగ్గరకొచ్చేసరికి నాకు గొంతు పట్టేసింది. ముగింపు ముందే తెలిసిపోవడం తప్పు కాదేమో మాస్టారూ, మీరు చూసిన సినిమాలో ఆ భార్య వాచీ పట్టుకుని ఎంతసేపు ఏడ్చింది?

గరివిడి మాస్టారు:
ఏడవలేదమ్మా, వెంటనే పాట వచ్చింది.

చీపురుపల్లి కుర్రాడు:
మాస్టారూ ఒక డౌటు. నిన్న సెకండ్ షోలోనే నేనూ ఉన్నాను, నా పక్కన మంకీ క్యాప్ పెట్టుకున్న ఒకాయన ఇంటర్వెల్ కూడా కాకుండానే "వాడు చావలేదర్రా" అని హాలంతా వినపడేలా అరిచాడు, అది గాని...

రాజాం బావ:
ఒరే గుంటడా, నీ రెండో పాదంలోనే మాకందరికీ తెలిసిపోయింది.