అత్తగారింట్లో పసిబిడ్డ: అల్లుడు నోరు విప్పేదెలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

క్లాక్ టవర్ దగ్గర నాది సెల్ రిపేర్ షాపు. మొదటి కాన్పు కాబట్టి నా భార్య ప్రొద్దుటూరులో పుట్టింట్లో ఉంది. పాప పుట్టి ఈరోజుకు 13 రోజులు. శనివారం రాత్రి షాపు మూసి తాడిపత్రి మీదుగా బస్సెక్కుతాను, సోమవారం తెల్లవారుజామున తిరుగు బస్సు. కన్నతండ్రినే అయినా ఆ ఇంట్లో నేను వారానికోసారి వచ్చే చుట్టాన్ని. వెళ్ళగానే కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ఫ్యాను నా వైపు తిప్పుతారు. పాప మాత్రం లోపలి గదిలో.

ఆ గదితోనే నా టెన్షన్. బయట ఎండ 42 డిగ్రీలు. గాలి తగిలితే బాలింతకు వాతం చేస్తుందని కిటికీలు మూసేశారు. లాల పోశాక సాంబ్రాణి. పోయిన ఆదివారం తలుపు తీస్తే ఆ పొగలో నా భార్య మొహం కూడా సరిగ్గా కనపడలేదు. పాప రెండుసార్లు తుమ్మింది. ‘తుమ్మనీలే, తలబరువు దిగుతుంది’ అంది జేజి. అంటే మా అత్తగారి అమ్మ. ఎనభై దాటిన మనిషి, ఆ వీధిలో సగం మందికి లాల పోసింది ఆమే. ఆమెకు ఎదురు చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు, మా మామతో సహా.

ఎండకు బిడ్డ నాలుక ఆరిపోతుందని ఉగ్గుగిన్నెతో కాచి చల్లార్చిన నీళ్ళు పడుతోంది. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడానికి మంచిరోజు చూస్తోంది. ఇక బాలింతకేమో పూటకో గ్లాసు నీళ్ళు, అంతే. ఎక్కువ తాగితే ఒళ్ళు నీరు పడుతుందట. పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు, నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు 2.6. ఆ తర్వాత తూకం వేయలేదు. కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నట్టు అనిపించింది, ఫోన్ లైటు వల్లేమో మరి.

‘నువ్వు చెప్పు’ అంటుంది నా భార్య. ‘మీ జేజి, నువ్వే చెప్పు’ అంటాను నేను. గొడవ లేకుండా దీన్ని ఎలా దాటాలి?

జవాబు 1 (కర్నూలు, ఇద్దరు పిల్లల తండ్రి)

అన్నా, నేను చేసిన తప్పు చెప్తా, నువ్వు చేయకు. మా అత్తకు యూట్యూబ్ వీడియో చూపించినా. ‘మీ ఆవిడను నేను వీడియో చూసే పెంచినానా?’ అంది. ఆ తర్వాత మూడు రోజులు ఉగ్గాణిలో ఉప్పు కూడా సరిగ్గా పడలేదు నాకు.

రెండో వాడప్పుడు ఇంకోలా పోయినా. ‘అత్తా, పాలు చాలుతున్నాయో లేదో ఉచ్చ గుడ్డలు లెక్క పెడితే తెలుస్తుందంట, మాకు చేతకావడం లేదు, మీరే చూడాలి’ అన్నా. ఆమె గూట్లో గిన్నె పెట్టి, తడిగుడ్డ మార్చినప్పుడల్లా ఒక చింతగింజ వేసేది. రోజుకు ఆరైనా పడాలి. ఒకరోజు సాయంత్రానికి నాలుగే పడ్డాయి. ‘నీళ్ళతో కడుపు నిండితే పాలెట్లా తాగుతాడు’ అని ఆమే అనేసింది. నేను నోరు మూసుకున్నా.

జవాబు 2 (కడప జిల్లా, ఏఎన్‌ఎం)

చింతగింజల లెక్క బాగుంది, కానీ ముందు పాపను తూకం వేయించండి. ఆదివారం దాకా ఆగొద్దు. మొదటి రోజుల్లో బరువు తగ్గడం మామూలే. 10 నుంచి 14 రోజుల్లో పుట్టినప్పటి బరువుకు రావాలి. మీకు ఆ గడువు వచ్చేసింది.

పచ్చదనం ఫోన్ లైటులో చూడకండి. పగటి వెలుతురులో నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి వదిలితే చర్మం రంగు తెలుస్తుంది. రెండు వారాలకు కూడా పోకపోతే డాక్టరు చూడాల్సిందే. అరచేతులు, పాదాల దాకా పచ్చబడినా, విరేచనం సున్నంలా తెల్లగా వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఒళ్ళు 100.4 ఫారన్‌హీట్ దాటినా అప్పటికప్పుడే ఆసుపత్రికి పోవాలి. ఈ వయసులో జ్వరానికి ఇంట్లో మందు వేయకూడదు.

నీళ్ళు వద్దు, ఎంత ఎండైనా వద్దు. తల్లిపాలలో 100కి 87, 88 పాళ్ళు నీళ్ళే. ఆరు నెలల దాకా అవి చాలు. వస, తేనె, ఆముదం ఏవీ నాలుకకు తగలకూడదు. బొడ్డు మీద కూడా ఏమీ రాయకండి, పొడిగా ఉంచితే చాలు. తల్లికి మాత్రం దాహమైనప్పుడల్లా నీళ్ళు ఇవ్వాలి.

మీ వీధి ఆశా కార్యకర్తను పిలవండి. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడడం ఆమె పని. ఆమె చెబితే అది అల్లుడి మాట కాదు కదా.

జవాబు 3 (పులివెందుల, ఒక అవ్వ)

నాయనా, మీ జేజిని తప్పు పట్టొద్దు. మా కాలంలో మట్టిమిద్దెలు. నడినెత్తిన గవాక్షి ఉండేది, పొగంతా అందులోంచి పోయేది. ఇప్పుడు సిమెంటు గది, పైన రంధ్రం లేదు, కిటికీ మూస్తిరి. అదే సాంబ్రాణి, ఇల్లే మారిపోయింది. ఆ మాటే ఆమెతో అను, అర్థమవుతుంది. బాలింత జుట్టు ఆరాలంటే ఎండలో కూర్చుంటే చాలు.

ఇంకొకటి. నువ్వు పోయినప్పుడు ఆ కుర్చీలో కూర్చోవద్దు. రాత్రి పాలు తాగినాక బిడ్డను భుజాన వేసుకొని తేపు తెప్పించు. అది మగవాళ్ళు చేయకూడదని ఎవరూ చెప్పలేదు.

అడిగిన వ్యక్తి (నాలుగు రోజుల తర్వాత)

మరుసటి రోజే షాపుకు తాళం వేసి వెళ్ళాను. జేజినే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆటోలో పిల్లల డాక్టరు దగ్గరికి పోయాం. 2 కిలోల 820 గ్రాములు. పచ్చదనం కళ్ళలో కొంచెమే ఉందట, రక్తపరీక్ష చేసి పర్వాలేదన్నారు, వారం తర్వాత మళ్ళీ చూపించమన్నారు. నీళ్ళ సంగతి నేను ఎత్తకముందే జేజే డాక్టరమ్మను అడిగేసింది. ఆమె వద్దంది. వచ్చేటప్పుడు ఆటోలో మాట లేదు. ఇంటికి రాగానే ఉగ్గుగిన్నె తోమి అటక మీద పెట్టింది.

గవాక్షి మాట చెప్పాను. కాసేపు పైకప్పు వైపు చూసి, ‘అవును కదరా’ అంది. ఇప్పుడు సాంబ్రాణి వరండాలో, దేవుడి పటం ముందు.

పనిలో పనిగా మున్సిపల్ ఆఫీసుకు కూడా వెళ్ళొచ్చాను. 21 రోజుల్లోపు జనన నమోదుకు ఫీజు లేదు, పేరు ఏడాదిలోపు చేర్చుకోవచ్చు. ఆసుపత్రి వాళ్ళు పంపిన వివరాల్లో నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. అది సరిచేయించడానికి పూటంతా పట్టింది.

రాత్రి రెండు గంటలకు పాపను భుజాన వేసుకున్నాను. పది నిమిషాలు వీపు నిమిరినా ఏమీ లేదు. పడుకోబెడదామని వంచానో లేదో, తేపుతో పాటు తాగిందంతా నా చొక్కా మీద. మంచం మీదనుంచి జేజి చూస్తూనే ఉంది. ‘ఇంకొంచెం పైకి వేసుకో, పొట్ట నీ భుజానికి ఆనాల’ అంది.

వసకొమ్మును మాత్రం వదల్లేదు. గుడ్డలో మూటకట్టి ఉయ్యాల కొయ్యకు వేలాడదీసింది, పాప చేతికి అందనంత ఎత్తులో.