ఇనుము విరిగెనేని... తర్వాత 'కాచి'యా, 'కాల్చి'యా?

ఆకురాయి: మొదటిసారి కత్తి చేసేవాళ్ల కోసం రాస్తున్న సూచనల పైన వేమన పాదం పెట్టాలి. "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు" వరకు తడబాటు లేదు. ఆ తర్వాత "కాచి యతుకవచ్చు"నా, "కాల్చి యతుకవచ్చు"నా? రెండూ నోటికి అలవాటైనట్టే ఉన్నాయి.

అరసున్న: ఛందస్సు తేల్చదండి. రెండూ గలమే (ఒక గురువు, ఒక లఘువు), "క్రమముగాను"తో యతికి రెండింట్లోనూ కా ఉంది. "కాచి యతుకనేర్చు గమ్మరీడు" అన్న పాఠంలోనూ అంతే. నా ఓటు కాచికి.

దాగలి: ఛందస్సు తేల్చకపోతే కొలిమి తేలుస్తుంది. అతుకు పడాలంటే ఇనుము పసుపు దాటి తెలుపుకు తిరగాలి, సుమారు 1250 డిగ్రీలు. అప్పుడు వెలిగారం చల్లితే పైన పట్టిన చిట్టెం కరిగి జారిపోతుంది, లోహానికి లోహం తగులుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆలస్యమైతే తెల్లటి రవ్వలు చిటపటమని లేస్తాయి. అదీ కాలడం. ఆ ముక్క సమ్మెట కింద పొడిపొడిగా రాలుతుంది, అంతమేరా కోసి పారేయాల్సిందే. కాల్చినది అతకదు. కాచి.

తాళపత్రం: మరి "కర్రు కాల్చి వాత పెట్టడం" మాటేమిటి? ఆ కర్రు రవ్వలు రాల్చలేదుగా, ఎర్రబడింది అంతే. కాచేది పాలను, నెయ్యిని. ఇనుమును కాలుస్తాం.

అరసున్న: చలి కాచుకునేవాడు కాలిపోతున్నాడా? మంట వేడి అందుకుంటూ మంటపాలు కాకుండా ఉండటమే కాచుకోవడం. దాగలి గారి కొలిమికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయినా ఆ పాదంలో అసలు అందం "ఇనుమారు". ఇను అంటే రెండు, ఇనుమడించులో ఉన్నదే. ఇనుము పక్కన ఇనుమారు, దాని వెనకే ముమ్మారు. మూడు సమ్మెట దెబ్బల్లా పడతాయి. వేమన చెవి అలాంటిది.

తాళపత్రం: చెవి ఒక్కటే కాదు, లోహజ్ఞానం కూడా. "ఇనుము" అన్నాడు, ఉక్కు అనలేదు. పారశీక వర్తకులు వచ్చి కొనుక్కెళ్లిన తెలంగాణలోని కోనసముద్రం ఉక్కులాంటిదాన్ని, ఒకటిన్నర శాతం దాకా బొగ్గుసారం (కార్బన్) ఉన్నదాన్ని, అతుకు వేడికి తీసుకెళ్తే సుత్తి కిందే ముక్కలవుతుంది. ఇక పాఠాల సంగతంటారా, 1829లో బ్రౌన్ అచ్చువేయించేనాటికే చేతిరాత ప్రతుల్లో భేదాలు కుప్పలు. నేను కాల్చిని వదలను.

ఆకురాయి: నా సూచనల్లో అతుకు పని లేదు. 1084 రకం ఉక్కు పట్టీ, 3 మి.మీ. మందం, ఆకురాయితో రుద్దడమే. అంచు 0.7 మి.మీ. మిగల్చాలి. అంతకన్నా పలచనైతే నూనెలో ముంచగానే వంకర పోతుంది. ముందు మూడుసార్లు ఎర్రగా చేసి గాలికి ఆరనివ్వాలి. నాలుగోసారి అయస్కాంతం అంటడం మానాక (770 డిగ్రీలు) ఇంకాస్త పెంచి, 815 దగ్గర, 50 డిగ్రీల వంటనూనెలో మొన కిందికి నిటారుగా ముంచాలి. పక్కలకు ఊపకూడదు. నీళ్లలో ముంచి "టింగ్"మని వినిపిస్తే అంచు చీలినట్టే. ఆకురాయి పళ్లు పట్టకుండా గాజు మీదలా జారితే గట్టిపడింది. ఆ గంటలోనే 200 డిగ్రీల ఓవెన్‌లో 2 గంటలు, చల్లార్చి మళ్లీ 2 గంటలు. లేత గడ్డి రంగు తేలాలి. ఇది ఎగ్గొడితే కింద పడ్డ కత్తి గాజులా పగులుతుంది.

దాగలి: చూశారా, ముందు ముమ్మారు, తర్వాత ఇనుమారు! ఓవెన్‌లో చేసేదాన్ని ఎవరైనా కాల్చడం అంటారా?

అరసున్న: దానికి మనకు పదను అన్న మాట ఉంది. ద మీద ఉకారం తర్వాత చేరింది. కన్నడ హద, తమిళ పదం చూడండి, ఉకారం లేదు. నేల పదను, పాకం పదను, ఉక్కు పదను అన్నీ ఒకటే, తగిన స్థితికి రావడం. వాడి అన్న అర్థం దాని వెనక వచ్చింది.

తాళపత్రం: పదును అని రైతు రోజూ అంటుంటే ఉకారం తప్పెలా అవుతుంది? వాన పడ్డాక "పదునెక్కింది" అంటాడు, "పదనెక్కింది" అనడు.

అరసున్న: పదనెక్కింది అనేవాళ్లూ ఉన్నారు.

దాగలి: పదను పక్కన పెట్టండి, ఒక చిక్కుంది. నూనెలో చీలిన 1084 కత్తిని ఇంటి కొలిమిలో అతికినా అంచు నిలవదు. పద్యం చెప్పేది మెత్తటి ఇనుము గురించి. కత్తి సూచనల పైన ఆ పాదం పెడితే చదివేవాళ్లు అతకబోతారు.

ఆకురాయి: మొదటి పాదం మాత్రమే పెడతాను, సరిపోతుందా? రెండోదానికి "కా" వరకు రాసి చోటు వదిలాను.

తాళపత్రం: "ల్చి" పట్టేంత చోటు వదలండి.