సమస్యాపూరణం: “అర్థమే లేని పాటయే యమృత మయ్యె”

నిర్వాహకుడు (కడప): ఈ వారం తేటగీతి అనే నాలుగు పాదాల పద్యం. చివరి పాదం పైన ఇచ్చిందే, ముందు మూడూ మీరు అల్లాలి. నవ్వించే పాటలు, వింత పాటలు, నోటికొచ్చిన శబ్దాలతో అల్లిన పాటలు... వీటిని మనం తక్కువ చేసి చూస్తాం. చెక్కభజనలో, బుర్రకథలో ‘తందాన’ తీసేస్తే ఏం మిగులుతుందో ఒకసారి ఊహించుకొని పూరించండి. నచ్చిన పాట ఒకటి చెబితే ఇంకా సంతోషం.

పాపాఘ్ని:

ఉయ్యెలను బిడ్డ యేడ్చుచు నుండ, తల్లి
యేవొ లాలల నల్లుచు నిట్టె పాడె;
కన్ను మూసెను చంటిది కమ్మగాను;
అర్థమే లేని పాటయే యమృత మయ్యె!

నిర్వాహకుడు: చాలా బాగుందమ్మా. సమస్యలోని చిక్కు మూడో పాదానికే విడిపోయింది. ‘లాలల నల్లుచు’ చదువుతుంటేనే ఉయ్యాల ఊగుతోంది. ఒక్క ‘ఇట్టె’ మాత్రం యతి కోసం (పాదం మొదటి అక్షరానికి జోడైన అక్షరం మధ్యలో ఒకచోట పడాలనే నియమం కోసం) వచ్చి కూర్చుంది, దానికి పని లేదు. ఆ చోట తల్లి గొంతు ఎలా ఉందో చెప్పే మాట పడితే పద్యం నిండుతుంది.

తాడిపత్రి వాసి:

గారె, బూరెలు గాంచి యా ఘనుడు నవ్వె
హాహ హాహాహ యనుచు. నా యార్పు విన్న
కుర్రకారెల్ల చప్పట్లు కొట్టినారు;
అర్థమే లేని పాటయే యమృత మయ్యె!

నా పాట ఏదో చెప్పక్కర్లేదు. 1957 నాటి ‘మాయాబజార్’లో ‘వివాహ భోజనంబు’. తెర మీద ఎస్వీ రంగారావు, గొంతు మాధవపెద్ది సత్యం, మాట పింగళి. తీసిన కె.వి.రెడ్డి మా తాడిపత్రి వారే.

నిర్వాహకుడు: ‘హాహ హాహాహ’ గణాల్లో, అంటే పద్యపు అక్షరాల కొలతల్లో, ఇంత చక్కగా ఇముడుతుందని నేను అనుకోలేదు. హకారానికి ‘ఆర్పు’లోని ఆకారంతో యతి చెల్లింది. నా అభ్యంతరం వేరే. ఆ పాటలో వంటకాల పేర్లన్నీ ఉన్నాయి, అర్థానికి లోటేం లేదు. అర్థం లేనిది ఆ నవ్వు ఒక్కటే. పాటంతటినీ అర్థం లేనిది అనడం పింగళికి అన్యాయం.

తాడిపత్రి వాసి: గురువుగారూ, మాటలన్నీ మరిచిపోయిన మూడేళ్ల పిల్లాడు కూడా ఆ నవ్వు దగ్గర మాత్రం తప్పడు. వాడికి పాటంటే ఆ నవ్వే. నేను రాసింది వాడి తరఫున.

నిర్వాహకుడు: అలాగైతే ఒప్పుకుంటాను. మూడో పాదంలో కుర్రకారు బదులు ఆ పిల్లాణ్ణే తీసుకురండి, వాదన పద్యంలోకే వచ్చేస్తుంది.

అనంత: పూరణ రేపు పంపుతాను, ముందు ఈ నవ్వు గురించి ఒక మాట. పాటలో నవ్వడం రికార్డుల తొలినాళ్ల నుంచీ ఉంది. 1922లో ఇంగ్లండులో చార్ల్స్ పెన్‌రోజ్ నవ్వే పోలీసు పాట పాడాడు. దాని వరస వింటే మన ఘటోత్కచుడు గుర్తుకు రాకుండా ఉండడు. అంతకు ముందు, 1890లలో, అమెరికాలో జార్జ్ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు నవ్వుల పాటతో పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో మైనపు సిలిండర్లకు పెద్దఎత్తున కాపీలు తీసే వీలు లేదు. ఒకసారి పాడితే కొన్నే వచ్చేవి. అందుకని అదే పాట, అదే నవ్వు, పూటంతా మళ్లీ మళ్లీ! అన్నిసార్లు నవ్వినా వినేవాడికి అది తొలి నవ్వులాగే ఉండాలి. విషాదగీతం పాడటం కంటే ఇది కష్టమని నా గట్టి నమ్మకం.

మైదుకూరు కుర్రోడు: అన్నా, నాది.

కడప రేడియో లోనుండి గాలి వెంట
వచ్చె నొక వింత పాట, మా పల్లెలోన
తాత నవ్వెను బోసిగా, అవ్వ నవ్వె;
అర్థమే లేని పాటయే యమృత మయ్యె!

నాకిష్టమైనది ‘కులగోత్రాలు’ (1962)లో కొసరాజు రాసిన ‘అయయో చేతిలో డబ్బులు పోయెనే’. పేకాటలో చిత్తయినోడి గోడు అది. ఏడుపే, కానీ వింటే నవ్వొస్తుంది.

పాపాఘ్ని: మూడో పాదంలో యతి పోయింది నాయనా. ‘తా’కు ‘అ’ కుదరదు.

నిర్వాహకుడు: అవును, కానీ మందు మీ పాదంలోనే ఉంది. చోటు మార్చి చూడండి:

అవ్వ నవ్వెను బోసిగా; నవ్వె తాత;

‘అవ్వ’, ‘నవ్వె’లకు ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) సరిపోయింది, బయటి నుంచి ఒక్క అక్షరం తేలేదు. పైగా అవ్వ ముందు నవ్వి, ఆమెను చూసి తాత నవ్వినట్టు ఒక వరస కూడా వచ్చింది. ఇన్ని పూరణల్లోనూ ఊరు కనబడింది మీ పద్యంలోనే. కొసరాజు పాట గురించి మీరన్నది కూడా సరైనదే. డబ్బు పోయినవాడి బాధను తక్కువ చేయకుండా నవ్వించడం అందరికీ చేతకాదు.

గండికోట: ఇలాంటి పాటలు మూణ్ణాళ్ల ముచ్చట కదండీ? వీటికి పద్యాలు అవసరమా?

నిర్వాహకుడు: చాలావరకు అంతే, కాదనను. తమాషా ఒక్కటే ఉన్న పాట రెండోసారికే చప్పబడుతుంది. కానీ 1957 నాటి పాట ఈ రోజుకీ పెళ్లి పందిట్లో విస్తళ్లు వేసే వేళకు మైకులో వస్తోందంటే, అందులో తమాషాతో పాటు తాళం మీద పట్టు, ఊపిరి ఎక్కడ ఆపాలో తెలిసిన గొంతు ఉన్నాయన్న మాట. మీరూ ఒక పూరణ పంపండి, అందులోనే వాదిద్దాం.

వచ్చే వారానికి ఆటవెలది: “నవ్వలేని వాడు నవ్వు పంచె”. అనంత గారూ, ఇది మీ జాన్సన్‌కు సరిపోతుందేమో చూడండి.