రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిపోయాక తిండిలో ఏం మార్చాలి? లెట్రోజోల్, థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి కొలతలతో చెప్పండి

అడిగినవారు – గుంటూరు

అందరికీ నమస్తే. మా అక్కకి 52 ఏళ్లు. ఎడమ రొమ్ముకి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తయ్యాయి. ఇప్పుడు పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, రాత్రి లెట్రోజోల్ (క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే మాత్ర) 2.5 మి.గ్రా. వేసుకుంటోంది. ఎత్తు 155 సెం.మీ., బరువు 68 కిలోలు. చికిత్స మొదలైనప్పటికంటే 6 కిలోలు పెరిగింది. షుగరు లేదు. గుడ్డు, చేపలు, చికెన్ తింటుంది.

చుట్టాలు తలా ఒక జాబితా ఇస్తున్నారు. పాలు మానాలట, సోయా ముట్టకూడదట, పంచదార విషమట, బాయిలర్ కోడి వద్దట, అన్నం మానేసి సిరిధాన్యాలే తినాలట, లక్ష్మణఫలం ఆకు కషాయం తాగాలట. ఇవన్నీ పాటిస్తే ఇంక తినడానికి ఏమీ మిగలదు. అసలు ఏది మార్చాలి, ఎంత మార్చాలి?

డైటీషియన్

ముందు ఆ జాబితాలన్నీ పక్కన పెట్టేయండి. అక్కగారి విషయంలో పట్టించుకోవాల్సినవి మూడే: పెరిగిన బరువు, తగ్గే కండ, పలచబడే ఎముక. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల ఆకలి పెరుగుతుంది. నీరసంతో నడక తగ్గుతుంది. దాంతో కొవ్వు పెరుగుతూ కండ కరుగుతుంది. లెట్రోజోల్ ఒంట్లో మిగిలిన ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ని కూడా దాదాపు లేకుండా చేస్తుంది కాబట్టి ఎముక బలం తగ్గుతుంది, కొందరికి కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది.

155 సెం.మీ. ఎత్తుకి 68 కిలోలంటే బి.ఎం.ఐ. (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 28 పైనే. మనవాళ్లకి 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క. అలాగని 55 కిలోలకి దిగిపోవాలని ఇప్పుడే పట్టు పట్టొద్దు. ఆరు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గితే చాలు, అది ఆవిడ బరువులో 5 శాతం. వారానికి అరకిలో మించి తగ్గుతోందంటే కండ కూడా పోతోందేమో చూసుకోవాలి. బరువుతో పాటు నెలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. ఆడవాళ్లకి నడుము చుట్టుకొలత 80 సెం.మీ. లోపు ఉండటం మంచిది.

ఇక పళ్లెం సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల రోజుకి ధాన్యాలు 250 గ్రా., పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, పాలూ పెరుగూ 300 మి.లీ. ఉన్నాయి. బరువు తగ్గాలి కాబట్టి అక్కగారికి ధాన్యాలు 150–160 గ్రాములకి, నూనె 20 గ్రాములకి దించండి. మిగతావి తగ్గించొద్దు. మధ్యాహ్నం 75 గ్రా. బియ్యం వండితే సుమారు 200 గ్రా. అన్నం వస్తుంది. రాత్రి రెండు చిన్న జొన్నరొట్టెలు లేదా పుల్కాలు. మిగిలినది రాగి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మొదటిరోజే అన్నం సగానికి కోసేసి, కూర మాత్రం పాత గరిటెడే వేసుకుంటారు. నాలుగింటికల్లా కడుపు మాడుతుంది, బిస్కెట్లో మిక్స్చరో చేతికొస్తుంది. అన్నంలో తగ్గించిన క్యాలరీలన్నీ అక్కడ తిరిగొచ్చేస్తాయి. కాబట్టి మొదటి వారం అన్నం జోలికి వెళ్లకండి. కూర రెండు గరిటెలు, పప్పు ఒక కప్పు పెంచి, వాటితోనే భోజనం మొదలుపెట్టించండి. రెండో వారం నుంచి అన్నం తగ్గించండి. అప్పుడు లోటు తెలియదు.

ప్రోటీన్ రోజుకి 60–70 గ్రా. అందాలి. రెండు పెసరట్లకి 60 గ్రా. పెసలు పడితే 14 గ్రా. దాకా వస్తుంది. గుడ్డు 6, పప్పు 40 గ్రా. వండితే 9, పెరుగు 150 గ్రా.కి 5, సాయంత్రం 30 గ్రా. శనగలు గుగ్గిళ్లు చేస్తే 6, గ్లాసు పాలకి 6, రాత్రి 100 గ్రా. చేపకి 20 దాకా. అన్నం, రొట్టెల్లో ఉన్నది కూడా కలుస్తుంది. ఇంత ఉండగా వెయ్యి రూపాయల ప్రోటీన్ పౌడర్ ఎందుకు?

వంట విషయాలు చూసే సభ్యురాలు – రాజమండ్రి

నూనె 20 గ్రాములంటే కాగితం మీద తేలికే, మూకుడు దగ్గరే తేడా వస్తుంది. చెంచా 5 మి.లీ. అనుకుంటే రోజుకి నాలుగున్నర చెంచాలు. నలుగురున్న ఇంట్లో తలా 20 గ్రా. చొప్పున నెలకి 2400 గ్రా., అంటే సుమారు 2.6 లీటర్లు. లీటరు ప్యాకెట్‌లో 910 గ్రాములే ఉంటుంది కదా. మీ ఇంట్లో నెలకి ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో ముందు అది చూడండి. ఆవకాయలో తేలే నూనె కూడా ఇందులోదే.

వేపుళ్లు మానక్కర్లేదు, పద్ధతి మార్చాలి. దొండకాయ వేపుడు తీసుకోండి. పావుకిలో సన్నగా తరిగి, మూకుడులో అరగ్లాసు నీళ్లు, కాస్త ఉప్పు, పసుపు వేసి మూతపెట్టి పది నిమిషాలు మగ్గనివ్వండి. మూత తీసి నీరు పూర్తిగా ఇగిరిపోయేదాకా ఉంచి, ముక్కలు పళ్లెంలోకి తీయండి. అదే మూకుడులో రెండు చెంచాల నూనెతో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి, ముక్కలు తిరిగి వేసి ఐదారు నిమిషాలు ఎర్రబడనివ్వండి. నీరు మిగిలుండగా తాలింపులో వేస్తే ముక్క మెత్తబడి ముద్దవుతుంది. అప్పుడు మళ్లీ నూనె పోయాలనిపిస్తుంది. దించే ముందు ఒక చెంచా వేరుశనగ పొడి చల్లితే రుచి నిలబడుతుంది.

అడిగినవారు

ఇంత వివరంగా చెప్పారు, చాలా థాంక్స్ అండి. సోయా సంగతి కూడా చెప్పండి. మీల్‌మేకర్ వండితే ఇంట్లో అందరూ గొడవ పెడుతున్నారు. పంచదార మానేసి బెల్లం వాడుతున్నాం, అది సరేనా?

ఆంకాలజీ నర్సు

సోయాలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉంటాయి, వాటి రూపం ఈస్ట్రోజెన్‌కి దగ్గరగా ఉంటుంది. అందుకే ఆ భయం పుట్టింది. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 5,042 మంది స్త్రీలని గమనించిన అధ్యయనం 2009లో వెలువడింది. సోయా ఆహారం ఎక్కువ తిన్నవారిలో క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదు సరికదా, తక్కువగానే కనిపించింది. కాబట్టి వారానికి రెండు మూడుసార్లు 25 గ్రా. ఎండు మీల్‌మేకర్ నిశ్చింతగా వండుకోండి, 13 గ్రా. ప్రోటీన్ వస్తుంది. వేడినీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టి, పిండి, రెండోసారి కూడా కడిగి పిండితే వాసన పోతుంది. వద్దనేది ఐసోఫ్లేవోన్ క్యాప్సూల్స్ మాత్రమే. వేడి ఆవిర్లకి మంచివని అమ్ముతుంటారు, వాటిని కొనొద్దు.

పంచదార గురించి కూడా చెప్పేస్తాను. పెట్ స్కాన్‌లో గ్లూకోజ్ లాంటి మందు ఎక్కించి, అది ఎక్కడ ఎక్కువగా చేరుతోందో చూస్తారు. దాన్ని బట్టి తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుందని ప్రచారం మొదలైంది. ఒంట్లో ప్రతి కణానికీ గ్లూకోజ్ కావాలి. మీరు తినకపోయినా కాలేయం తయారుచేస్తుంది. తీపి తగ్గించమనేది బరువు కోసం, ఇన్సులిన్ కోసం. ఆ లెక్కన బెల్లానికీ పంచదారకీ తేడా లేదు, తేనె కూడా అంతే. కాఫీ, టీ, స్వీట్లు అన్నీ కలిపి రోజుకి నాలుగు చెంచాల లోపు ఉంచండి. పండ్లకి భయపడొద్దు. జామకాయ, బొప్పాయి, బత్తాయి తొనలు ఏవైనా తినొచ్చు. రసం తీసి తాగొద్దు.

బాయిలర్ కోడికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారన్నది కూడా అపోహే. వేగంగా పెరిగే జాతిని ఎంపిక చేసి పెంచుతారు కాబట్టే ఆరేడు వారాల్లో తూకానికి వస్తుంది. చర్మం తీసేసి వండుకోండి, సరిపోతుంది. మటన్, బీఫ్, పోర్క్ అన్నీ కలిపి వండినది వారానికి 350–500 గ్రా. మించకూడదు. సాసేజ్, సలామీ వంటివి ఇంటికి తేకపోవడమే మంచిది.

ఫార్మసిస్టు – విశాఖపట్నం

మాత్రల వేళల్లో తరచుగా తేడా వస్తుంది కాబట్టి దీని గురించి చెప్తున్నాను. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, గంట ఆగాక కాఫీ, టిఫిన్. కాల్షియం మాత్రకీ దీనికీ కనీసం నాలుగు గంటలు దూరం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) పెరిగిందని డోసు పెంచుతారు, అసలు కారణం మాత్రం కాల్షియం అయి ఉంటుంది. ఐరన్ మాత్రకీ ఇదే వర్తిస్తుంది. సోయా కూర కూడా మధ్యాహ్నానికి పెట్టుకోండి.

కాల్షియం అట్ట మీద 1250 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. అక్కగారికి రోజుకి 1200 మి.గ్రా. కావాలి, తిండితో కలిపి. పాలు, పెరుగు 350 మి.లీ.కి సుమారు 420, రాగి పిండి 50 గ్రా.కి 170–180. ఆకుకూరలు, చేపలు, పప్పులు కలిస్తే 800 దాకా వెళ్తుంది. అప్పుడు రోజుకి ఒక మాత్ర చాలు. కార్బొనేట్ అయితే భోజనంతో వేసుకోవాలి. రెండు రాశారని రెండూ ఒక్కసారే మింగితే సగం వృథా, ఒంటికి ఒక విడతలో 500 మించి సరిగా ఎక్కదు. నువ్వుల పొడి మంచిదే కానీ పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో కాల్షియం చాలా తక్కువ. పాలకూరలో ఆక్సలేట్లు అనే పదార్థాలు ఉండటం వల్ల అందులోని కాల్షియం పెద్దగా ఒంటబట్టదు, ఈ లెక్కలో దాన్ని కలపొద్దు.

విటమిన్ డి 60,000 యూనిట్ల సాషేలు వారానికొకటి అని ఎనిమిది వారాలకి రాస్తే, చీటీ పట్టుకుని ఏడాదంతా కొనేవాళ్లున్నారు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీ ఇబ్బంది వస్తాయి. కోర్సు అవ్వగానే ఆపి, పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినట్టు వాడండి.

లక్ష్మణఫలం ఆకు కషాయం మాత్రం తాగించకండి. క్యాన్సర్ తగ్గిస్తుందని మనుషుల్లో తేలలేదు. పైగా అందులోని పదార్థం అన్నోనాసిన్‌కి నరాల మీద విషప్రభావం ఉంది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో దీన్ని ఎక్కువగా వాడినవారిలో పార్కిన్సన్స్ (వణుకు, కదలికలు మందగించే నరాల జబ్బు) లాంటి జబ్బు కనిపించింది. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. కూరలో వేసే పసుపుకి భయం లేదు. మిరియాల సారంతో కలిపిన కర్కుమిన్ క్యాప్సూల్స్ వేరు. టామోక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే ఇంకో మాత్ర) వాడేవారిలో అవి రక్తంలో మందు మోతాదుని తగ్గిస్తాయని నెదర్లాండ్స్ పరిశోధకులు 2019లో చూపించారు. ఇది చదివే టామోక్సిఫెన్ వాడుకరులు గుర్తుంచుకోండి. ఏ పొడి వాడుతున్నా ఆ డబ్బా డాక్టరుకి చూపించండి, దాచొద్దు.

సభ్యుడు – కరీంనగర్

మా అమ్మకి కూడా ఇదే చికిత్స. రాత్రి అన్నం మానేసి కొర్రలు తింటోంది, అయినా బరువు తగ్గుతలేదు. కల్లు మందులాంటిదని అప్పుడప్పుడు తాగుతది. పర్వాలేదా?

డైటీషియన్

కొర్రలు, అరికెలు, సామలు మంచివే, పీచు ఎక్కువ. కానీ 100 గ్రా. కొర్రల్లోనూ బియ్యంలోనూ క్యాలరీలు ఇంచుమించు ఒకటే. గిన్నెడు తింటే గిన్నెడు లెక్కే. అమ్మగారు రాత్రికి 60 గ్రా. కొర్రలు తూచి వండి చూడండి. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది, నీళ్లు కూడా పెంచాలి. కల్లు పులిసిందంటే అందులో ఆల్కహాల్ ఉన్నట్టే. రొమ్ము క్యాన్సర్‌కి ఆల్కహాల్‌తో సంబంధం గట్టిగా రుజువైంది, మానేయమనే చెప్పండి.

ఇంకో మాట. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయినవారి తిండి మీద అమెరికాలో రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. 2007లో ఫలితాలు వచ్చినదాంట్లో 3,088 మంది. సగం మంది చేత కూరగాయలు, పండ్లు, పీచు బాగా పెంచి తినిపించారు, బరువు తగ్గలేదు, క్యాన్సర్ తిరగబెట్టడంలోనూ తేడా రాలేదు. 2006 నాటి రెండోదాంట్లో తిండిలో కొవ్వు తగ్గించారు, బరువు కూడా దాదాపు రెండున్నర కిలోలు తగ్గింది, అయిదేళ్ల దగ్గర తిరగబెట్టడం కొంత తక్కువగా కనిపించింది. ఆ మేలు బరువు తగ్గడం వల్లా, తిండిలో కొవ్వు తగ్గడం వల్లా అన్నది విడదీసి చెప్పలేం. అయినా రసాలూ ఆకులూ చేర్చడం కంటే బరువు మీద దృష్టి పెట్టమనడానికి ఇదొక కారణం.

అడిగినవారు

కార్తీకమాసంలో అక్క సోమవారాలు ఉపవాసం ఉంటుంది. ఉండనివ్వొచ్చా? ఎడమ చేతికి వాపు వస్తుందని బరువులు ఎత్తనివ్వడం లేదు, అది సరేనా?

ఆంకాలజీ నర్సు

చికిత్స అయిపోయి, షుగరు మందులు లేవు కాబట్టి ఉపవాసం ఉండొచ్చు. మాత్రలు మాత్రం మానకూడదు. థైరాయిడ్ మాత్ర పొద్దున్న నీళ్లతో, లెట్రోజోల్ రాత్రి భోజనం తర్వాత ఎప్పటిలాగే. పగలు పాలు, మజ్జిగ, పండు తీసుకోనివ్వండి. చిక్కల్లా నక్షత్రం చూశాక తినే పూరీలు, పులిహోర దగ్గరే. ఆ రాత్రి కూడా పప్పు, కూర, అన్నం మామూలు కొలతలోనే పెట్టండి.

చేతి వాపు భయంతో బరువులు అసలు ఎత్తకూడదన్నది పాత సలహా. అరకిలో నీళ్ల సీసాతో మొదలుపెట్టి, ఫిజియోథెరపిస్టు చూస్తుండగా మెల్లగా పెంచుకుంటూ వెళ్తే వాపు పెరగదని ప్రయోగాల్లో తేలింది. వారానికి రెండు రోజులు ఇది, మిగతా రోజుల్లో కలిపి 150 నిమిషాల చురుకైన నడక. మీరు పెట్టే ప్రోటీన్ కండగా మారాలంటే ఇది ఉండాలి. చెయ్యి బరువెక్కినట్టున్నా, గాజులు బిగిసినా ఆపి చూపించండి.

లెట్రోజోల్ మొదలుపెట్టేటప్పుడు డెక్సా స్కాన్ (ఎముక బలం కొలిచే పరీక్ష) తీశారా? తీయకపోతే ఈసారి వెళ్లినప్పుడు అడగండి. తీసుంటే అందులో ఎముక బలాన్ని చూపే అంకె, టి-స్కోరు ఎంతో ఇక్కడ రాయండి. మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి ఉంటే తిండీ కాల్షియం మాత్రలూ సరిపోవు, ఎముకకి వేరే మందు కావాలి.