గద్వాల చీరల ప్రకటన నిజాయితీగా రాయడం ఎలా?

నమస్కారం. గద్వాలలో మాకు చిన్న చీరల దుకాణం ఉంది. మధ్యభాగం నూలు, అంచులూ కొంగూ పట్టు ఉండి, ఆ రెండింటినీ మగ్గం మీదే కలిపే కుప్పడం నేత చీరలు అమ్ముతాం. దసరాకు వాట్సాప్‌లో పంపడానికి ఒకరితో ప్రకటన రాయించాను. బీరువాలో ఇరవై చీరలుండగా ‘రెండే మిగిలాయి’ అన్నారు. ‘చామనఛాయ వారు కూడా తెల్లగా కనిపిస్తారు’ అని కూడా రాశారు. మొదటిది అబద్ధపు తొందర. ఆన్‌లైన్ అమ్మకాల్లో నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో కేంద్రం 2023లోనే దీన్ని చేర్చింది. రెండోది చదివి నాకే మనసు నొచ్చుకుంది. రెండూ తీసేశాను.

మొన్న వనపర్తి నుంచి వచ్చిన ఒక టీచరమ్మ కొంగు తిరగేసి, నూలూ పట్టూ కలిసే చోట బొటనవేలితో రాసి చూసి, రంగు దిగుతుందా, ఇంట్లో ఉతకవచ్చా అని అడిగారు. మొదటిసారి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వమని ఉన్నమాట చెప్పాను, తీసుకున్నారు. ఆ ప్రశ్నలకు మా ప్రకటనలో ఒక్క జవాబూ లేదు.

చీరలు కొనే అక్కలూ అమ్మలూ దయచేసి చెప్పండి: ఏ మాట చదివితే మీకు నమ్మకం కుదురుతుంది, ఏది చదివితే విసుగొస్తుంది? అమ్మ కట్టిన చీర జ్ఞాపకాన్ని తలవడం తప్పు కాదనుకుంటున్నాను, కానీ నేతన్న కష్టం చెప్పి కొనమనడం కూడా ఒత్తిడి చేయడమే అవుతుందా?