నాన్న సైకిలుకి మోటార్ పెట్టాను: చైన్ ఊడిపోతోంది, వంతెన ఎక్కేసరికి ఆగిపోతోంది

గట్టుసైకిల్:

అందరికీ నమస్కారం అండి. మాది నిడదవోలు దగ్గర పల్లెటూరు. జిరాక్స్ షాపులో పని చేస్తాను. ప్రింటర్లు విప్పి బిగించడం వచ్చు గానీ మెకానిక్ పని ఎక్కడా నేర్చుకోలేదు.

మా నాన్నగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. చేను ఐదు కిలోమీటర్లు, కాలవ గట్టు మీదుగా వెళ్ళాలి. స్కూటర్ కొంటానంటే వద్దంటారు. హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని, వచ్చేటప్పుడు వెనక గడ్డిమోపు కట్టుకుని, జీవితమంతా ఆ సైకిలు మీదే తిరిగిన మనిషి. అందుకే దానికే మోటార్ పెడదామనుకున్నాను.

24 వోల్టుల 250 వాట్ల గేర్ మోటార్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బాలో ఎలా బిగించాలో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే వీడియో చూసుకోమన్నారు. ఆ వీడియోలో వైర్ల రంగులు వేరు, నా కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటార్‌కి వెళ్ళే కరెంటుని అదుపు చేసే డబ్బా) వైర్ల రంగులు వేరు. సైకిల్ షాపులో అడిగితే కరెంటు పని మాది కాదన్నారు. కరెంటు పని చేసే అతను సైకిల్ చూడగానే చేతులెత్తేశాడు. ఎవరికీ పట్టని పని అయిపోయింది ఇది.

ఎలాగో తిప్పలు పడి బిగించాను. మోటార్ ఫ్రేముకి ఎడమ పక్కన, పళ్ళ చక్రం వెనక చక్రానికి ఎడమ వైపు స్పోకుల మీద రబ్బరు రింగులు పెట్టి బోల్టులతో బిగించే రకం. బ్యాటరీలు 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే నిల్వ లెక్క) యూపీఎస్‌వి రెండు, ఒకదాని వెనక ఒకటి కలిపి 24 వోల్టులు వచ్చేలా సిరీస్‌లో.

ఇప్పుడు నా బాధలు. చైన్ ఊడిపోతోంది. బిగిస్తే కాసేపు బాగుంటుంది, గతుకుల్లో పడగానే మళ్ళీ ఊడుతుంది. ఇంకా టైట్ చేస్తే చక్రం గట్టిగా తిరుగుతోంది, మోటార్ మూలుగుతోంది. రెండోది, చదును మీద బాగానే పోతుంది, కాలవ వంతెన ఎక్కేటప్పుడు సగంలో టక్కున ఆగిపోతుంది. రేజ్ వదిలి మళ్ళీ తిప్పితే రెండడుగులు వేసి ఆగుతుంది. బ్యాటరీ షాపుకి తీసుకెళ్తే మీటర్ పెట్టి 25 వోల్టులు చూపించి బ్యాటరీలు బంగారంలా ఉన్నాయన్నారు. మూడోది, మాది కడ్డీ బ్రేకుల సైకిల్. కిట్‌లో వచ్చిన లివర్లు, బ్రేక్ నొక్కగానే మోటార్ ఆపే స్విచ్ ఉన్నవి, తీగ బ్రేకులకి. వాటిని దీనికి ఎలా పెట్టాలి?

నాన్నగారు ఏమీ అనరు. పొద్దున్నే దాని పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు. అది చూస్తే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదండి. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆర్మేచర్_ఖమ్మం:

బాబూ, నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇలాంటి సైకిళ్ళు కొన్ని నా చేతుల మీదుగా వెళ్ళాయి. నువ్వు మూడు బాధలు చెప్పావు గానీ మొదటి రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టకముందు చైన్ సంగతి చూడు.

సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టు. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ మోటార్ చైన్‌ని వేలితో నొక్కి చూడు. ఒక చోట తీగలా బిగుసుకుని, సగం చుట్టు తిరిగేసరికి వేలాడిందా? అయితే పళ్ళ చక్రం సెంటర్‌లో లేదు. రబ్బరు రింగుల రకంలో ఇదే పెద్ద తలనొప్పి. చైన్ బాగా బిగుసుకున్న చోట ఆపి, పళ్ళ చక్రంలో మోటార్‌కి బాగా దూరంగా ఉన్న పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టు. బోల్టులు పూర్తిగా తీయకుండా కొంచెం వదులు చేసి, గుర్తు ఉన్న వైపు నుంచి ఇరుసు వైపుకి చెక్క సుత్తితో మెల్లగా తట్టు. మళ్ళీ తిప్పి చూడు. ఓపిగ్గా చేస్తే చుట్టంతా ఒకేలా వస్తుంది. అప్పుడు బోల్టుల్ని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. ఒకటి పూర్తిగా బిగించి పక్కదానికి వెళితే మళ్ళీ పక్కకి జరుగుతుంది. నొక్కితే చైన్ సుమారు ఒక సెంటీమీటర్ ఆడాలి, అంతకన్నా టైట్ వద్దు.

తర్వాత వరస. మోటార్ పళ్ళ నుంచి వెనక పళ్ళ దాకా దారం లాగి పట్టుకో. రెండూ ఒకే గీత మీద లేకపోతే ఎంత బిగించినా చైన్ ఊడుతుంది. మోటార్ క్లాంపు కింద వాషర్లు వేసి సరిచెయ్యి.

ఇంకొకటి. మోటార్ ఎడమ పక్క నుంచి లాగుతుంది కాబట్టి ఇరుసు ఎడమ కొస ముందుకి జారుతుంది, చక్రం వంకర అవుతుంది. నీది కడ్డీ బ్రేక్, దాని రబ్బర్లు రిమ్ముకి లోపల వైపు ఉంటాయి. చక్రం కాస్త జరిగినా రాసుకుంటాయి. రాసుకుంటే లోడు పెరుగుతుంది, లోడు పెరిగితే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో బ్యాటరీ వోల్టేజ్ పడిపోతుంది. ఎడమ పక్క కూడా చైన్ అడ్జస్టర్ వేసి నట్లు గట్టిగా బిగించు.

ఇక బ్యాటరీ. ఆ షాపులో లోడు లేకుండా, అంటే మోటార్ లాగనప్పుడు చూశారు, అందుకే 25 వచ్చింది. మీటర్ వైర్లు పొడుగ్గా చేసి హ్యాండిల్‌కి కట్టి వంతెన ఎక్కు. ఈ 24 వోల్టుల కంట్రోలర్లు మామూలుగా 21 దగ్గర, కొన్ని ఇంకాస్త కిందికి వచ్చాక మోటార్‌ని ఆపేస్తాయి. రేజ్ వదలగానే వోల్టేజ్ తిరిగి లేస్తుంది, అందుకే నీకు రెండడుగులు పోతోంది. వాటి మీద రాసిన 7 ఏహెచ్ ఇరవై గంటల లెక్క, అంటే 0.35 ఆంపియర్లు లాగితే వచ్చేది. నీ మోటార్ పూర్తి లోడు మీద పది ఆంపియర్లకి పైనే లాగుతుంది. ఆ లెక్కన అరగంట కూడా నిలవదు.

రైస్‌మిల్లు_రోడ్డు:

ఇంత కష్టం ఎందుకు బ్రదర్. మందు కొట్టే స్ప్రేయర్ ఇంజన్ పెట్రోల్‌ది పెట్టేయండి. మా ఊళ్ళో ఒకాయన పెట్టాడు, వంతెన ఏంటి, గుట్ట కూడా ఎక్కుతుంది.

సర్కారీగుమాస్తా:

దయచేసి పెట్రోల్ ఇంజన్ సలహా పాటించకండి. ఇంజన్ 25 సీసీ దాటితే ఆ సైకిల్ మోటారు వాహనం కిందికి వస్తుంది, ఇంట్లో బిగించినదానికి రిజిస్ట్రేషన్ దొరకదు. బ్యాటరీ బండికి రూల్ వేరు. మోటార్ పవర్ 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. మీ కిట్ సరిగ్గా ఆ అంచు మీద ఉంది, ఇంకా పెద్ద మోటార్ జోలికి వెళ్ళకండి. ఆ వయసులో ఆయన్ని రోడ్డు మీద ఎవరూ ఆపి కాగితాలు అడగకూడదు.

గట్టుసైకిల్:

ఆర్మేచర్ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. పళ్ళ చక్రం మీరన్నట్టే ఒక పక్కకి ఉంది. తట్టి సరిచేశాను, దారం పెట్టి మోటార్ కింద రెండు వాషర్లు వేశాను. గతుకుల్లో తిప్పినా చైన్ ఊడలేదు. ఎంత తేలిగ్గా తిరుగుతోందో, చేత్తో ఒకసారి తోస్తే ఆగడం లేదు.

వంతెన మీద మీటర్ చూశాను. 25.2 నుంచి పడుతూ పడుతూ 20.6 దగ్గర ఆగిపోయింది. రెండు బ్యాటరీలూ విడివిడిగా చూస్తే లోడులో ఒకటి 11.7, ఇంకోటి 9 కిందికి వెళ్తోంది. లిథియం వేయాలా, ఇప్పుడున్న రకంలోనే పెద్ద లెడ్ యాసిడ్ వేయాలా? బ్రేక్ సంగతి కూడా చెప్పండి.

ఆర్మేచర్_ఖమ్మం:

శభాష్. ఆ 9 చూపిస్తున్నది పోయినట్టే లెక్క. దాని పక్కన కొత్తది వేయకు, జత కలవదు.

గడ్డిమోపుతో బరువు సైకిలు కాబట్టి కిలోమీటరుకి 15 వాట్ అవర్లు (వోల్టుల్ని ఏహెచ్‌తో గుణిస్తే వచ్చేది) అనుకో. పోను రాను పది కిలోమీటర్లకి 150. లిథియం ఫాస్ఫేట్‌లో ఎనిమిది సెల్స్ ప్యాక్, 25.6 వోల్టులు 12 ఏహెచ్ తీసుకుంటే 300 దాటి వస్తుంది, రెండు రోజులు నడుస్తుంది. బీఎంఎస్, అంటే ప్యాక్‌లో సెల్స్‌ని కాపాడే సర్క్యూట్, 20 ఆంపియర్లకి తగ్గకూడదు. దానికి దాని 29.2 వోల్టుల చార్జరే వాడు, పాత యూపీఎస్ చార్జర్ పెట్టొద్దు. బ్యాటరీ ప్లస్ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఉంటే తీసేసి వైరు కొసలకి లగ్గులు (నొక్కి బిగించే లోహపు కొసలు) కొట్టించు, వైరు 2.5 స్క్వేర్ ఎంఎం వాడు. వానలో గట్టు మీద తిరిగే బండి, టేపు ఆగదు.

బ్రేకుకి ఆ లివర్లు పక్కన పెట్టు. మోటార్ సైకిల్ వెనక బ్రేక్ లైటుకి స్ప్రింగుతో లాగే స్విచ్ ఉంటుంది, ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా తక్కువకే దొరుకుతుంది. దాన్ని ఫ్రేముకి బిగించి, స్ప్రింగ్ కొసని బ్రేక్ కడ్డీకి తగిలించు. రెండు వైర్లు కంట్రోలర్ బ్రేక్ వైర్లకి ఇవ్వు. చాలా కంట్రోలర్లలో ఆ రెండూ కలిస్తే మోటార్ ఆగుతుంది. వెనక చక్రం పైకెత్తి, రేజ్ ఇచ్చి, బ్రేక్ నొక్కి చూడు. ఖచ్చితంగా ఆగిందని నీ కళ్ళతో చూశాకే నాన్నగారిని ఎక్కించు. ఇంకో మాట, కదిలేటప్పుడు రెండు తొక్కులు తొక్కాకే రేజ్ ఇవ్వమను. నిలబడి ఉన్నచోటి నుంచి ఇస్తే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నా ఆ రెండు తొక్కులు ఆయనకి కష్టం కాదు.